వీర్యంలో బ్యాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

అపోహ: వీర్యాన్ని పలచన చేసే డైల్యూటర్‌లో యాంటీబయాటిక్ ఉందిగా, సేకరణలో కాస్త అటూఇటూ అయినా ఏం కాదు.

కృత్రిమ గర్భధారణకు సేకరించే ఆబోతుల వీర్యం విషయంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. జెంటామైసిన్ 500, టైలోసిన్ 100, లింకోమైసిన్ 300, స్పెక్టినోమైసిన్ 600 మైక్రోగ్రాములు, ఇది ఈ నాలుగు యాంటీబయాటిక్‌లనూ మిల్లీలీటరుకు వాడే మోతాదు. మురికి ఎక్కువైందని దీన్ని పెంచుకుంటూ పోతే వీర్యకణాలే దెబ్బతింటాయి. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా చాలా మందులకు లొంగదు. ఇలాంటి గ్రామ్ నెగటివ్ రకం బ్యాక్టీరియా చచ్చినా వాటి విషం (ఎండోటాక్సిన్) వీర్యంలోనే ఉండిపోతుంది, దాన్ని ఏ యాంటీబయాటిక్కూ తీసెయ్యలేదు. పైగా మందు పనిచెయ్యడానికి వ్యవధి కావాలి. అందుకే ముందు పచ్చి వీర్యంలోనే కలిపి కనీసం 3 నిమిషాలు ఉంచుతారు. ఆ తర్వాత గ్లిసరాల్ (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రవం) లేని డైల్యూటర్‌లో 5 డిగ్రీలకు చల్లార్చుతూ కనీసం 2 గంటలు ఆగుతారు. గ్లిసరాల్ ముందే పడితే మందు పదును తగ్గుతుంది.

కాబట్టి అడ్డుకోవాల్సింది సేకరణ దగ్గరే. ముందోలు దగ్గరి వెంట్రుకలు రెండు సెంటీమీటర్లు మిగిల్చి కత్తిరించండి, పూర్తిగా గొరగొద్దు. గోరువెచ్చని స్టెరైల్ సెలైన్‌తో లోపల కడిగి, బయట పొడిగా తుడవండి. నీటి చుక్క వీర్యంలో పడితే కణాలు ఉబ్బి చస్తాయి. రెండో స్ఖలనానికి అదే ఎ.వి. (వీర్యం పట్టే కృత్రిమ యోని) పనికిరాదు, కొత్తది తియ్యాలి. దాని లోపలి రబ్బరు తొడుగైన లైనర్‌ను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి, తడి ఆల్కహాల్ కూడా కణాలను చంపుతుంది. ఇక అందరూ మరిచేది డిస్టిల్డ్ వాటర్. డబ్బాలో నిల్వ ఉంచితే అందులోనే సూడోమోనాస్ పెరుగుతుంది. ఏ రోజు నీళ్లు ఆ రోజే వాడండి.

అపోహ: వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వ ఉంచే ద్రవ నత్రజనిలో బ్యాక్టీరియా బతకదు.

బతుకుతుంది. వీర్యకణాన్ని కాపాడే గ్లిసరాలే దాన్నీ కాపాడుతుంది. మైనస్ 196 డిగ్రీల్లో పెరగడం మాత్రమే ఆగుతుంది.

అపోహ: పశువు తిరగపొర్లిందంటే (చూలు నిలవక మళ్లీ ఎదకొస్తే) స్ట్రాలో (గడ్డకట్టించిన వీర్యపు గొట్టంలో) క్రిములున్నట్టే.

చూలు కోసం నెలల తరబడి ఎదురుచూసే రైతుకు ఈ అనుమానం రావడం సహజం. కానీ ఎద సమయం తప్పడం, స్ట్రా కరిగించడంలో పొరపాటు, గర్భాశయ వాపు, ముందు ఇవి చూడాలి. అదే స్ట్రా బ్యాచ్‌తో వేరే మందల్లోనూ వరుసగా పొర్లుతుంటేనే దాన్ని ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్‌కు పంపించండి. ఈలోగా గర్భాశయంలోకి యాంటీబయాటిక్ ఎక్కించమని ఎవరైనా సలహా ఇస్తే, పశువైద్యుడు పరీక్షించకుండా ఒప్పుకోవద్దు.

అపోహ: కరిగించిన స్ట్రాను తుడవక్కర్లేదు.

37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచి తీశాక పొడి టిష్యూతో తుడిచి, ఆపైనే కత్తిరించాలి. వాటర్‌బాత్ నీళ్లలోనూ బ్యాక్టీరియా ఉంటుంది. మానం పెదాలను కూడా పొడి కాగితంతో తుడిచాకే వీర్యం ఎక్కించే గన్ తొడుగు (షీత్) లోపలికి పోనివ్వండి.