అమ్మమ్మ మందుల డబ్బా మీ చేతికొస్తే

చిరంజీవులకు,

ఆశీస్సులు. బీపీకి ఒక డాక్టరు, షుగర్‌కి ఇంకొకరు, మోకాళ్లకి మరొకరు రాసిన మందులన్నీ ఇంట్లో పెద్దవాళ్ల డబ్బాలో కలిసిపోతాయి. మిగతా ఇద్దరు ఏం రాశారో ఏ డాక్టరుకీ తెలియకపోవచ్చు. మూడు చీటీలనూ ఒక్కచోట చూడగలిగేది ఇంట్లోవాళ్లే. సన్న అక్షరాలు చదవగల కళ్లు మీవి కాబట్టి ఈ పని మీకు చెప్తున్నాను.

డబ్బా లాక్కోకండి. "ఇది దేనికి అమ్మమ్మా, ఎప్పుడు వేసుకుంటావు?" అని పక్కన కూర్చుని అడగండి. దిండు కిందవీ, ఫ్రిజ్‌లోవీ, కంటి చుక్కలూ, లేహ్యాలూ అన్నీ మంచం మీద పరవండి. షీటు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. అసలు మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, మీరు చదవాల్సింది దాన్ని. డోలో, కాల్‌పాల్, క్రోసిన్ అని పేర్లు వేరైనా అన్నిట్లో ఉన్నది పారాసిటమాలే. చాలా జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది. ఒళ్లునొప్పులకొకటి, జలుబుకొకటి వేసుకున్న తాతయ్య రెండు వేర్వేరు మందులనుకుంటారు. పారాసిటమాల్ రోజుకి 4 గ్రాములు దాటితే కాలేయానికి ప్రమాదం. వయసు మళ్లి, బక్కచిక్కినవాళ్లకి హద్దు ఇంకా తక్కువ. 650 మాత్రలు ఆరు వేసుకుంటేనే 3,900 మిల్లీగ్రాములవుతుంది.

జన ఔషధి దుకాణంలో కొన్నప్పుడూ ఇదే చిక్కు. అవి మంచి మందులే, ధర తక్కువ. కానీ పాత షీటు ఇంకా మిగిలి ఉండగా కొత్త షీటు వేరే పేరుతో వస్తుంది. రెండూ టెల్మిసార్టాన్ అనే బీపీ మందే అని తెలియక రోజూ రెండూ వేసుకుంటే బీపీ పడిపోతుంది, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఈ వయసులో కిందపడితే తుంటి ఎముక విరగొచ్చు.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి: మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, దేనికి, ఏ పూట, తిండికి ముందా తర్వాతా, ఎవరు రాశారు. చీటీలో 1-0-1 అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. కీళ్లవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. దాన్ని పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. అందుకే దాని పక్కన "ఆదివారం మాత్రమే" అన్నట్టు ఏ రోజో ఎర్ర సిరాతో రాసి తీరాలి.

థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీ అరగంట నుంచి గంట ఆగి తాగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్ తిండికి అరగంట ముందు, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ తిండితోపాటు. మింగలేకపోతున్నారని ఏ మాత్రనైనా నలిపి పెరుగులో కలపడం చాలా ఇళ్లలో చూస్తాం. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ అని ఉంటే అది మెల్లగా కరగాల్సిన మందు. నలిపితే రోజంతటికీ సరిపడేది ఒక్కసారే ఒంట్లో పడుతుంది. పాంటోప్రజోల్‌నీ నలపకూడదు. మింగలేకపోతున్న సంగతి డాక్టరుకి చెబితే వేరే రూపంలో ఇవ్వగలరేమో చూస్తారు.

మందు మానేస్తున్నారని తెలిస్తే కోప్పడకండి, కారణం కనుక్కోండి. మూత్రం ఎక్కువ పోయించే మాత్రని పెళ్లికో ఊరికో బస్సెక్కే రోజున చాలామంది వేసుకోరు. ఆ రోజుల్లో వేళ మార్చుకోవచ్చా అని డాక్టరుని అడగాలి. డబ్బు చాలక సగం సగం వేసుకునేవాళ్లూ ఉన్నారు, అదీ డాక్టరుకి తెలియాలి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేసుకోనివ్వకండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కడుపులో పుళ్లు చేస్తాయి, బీపీ మందులతో కలిస్తే కిడ్నీలనీ దెబ్బతీయొచ్చు. వాటినీ కాగితంలో ఎక్కించండి. ఏ మందైనా మీరుగా ఆపకండి. ఆ కాగితం పట్టుకెళ్లి "వీటిలో ఆపదగ్గవి ఉన్నాయా?" అని అడగండి. అలా అడిగితే తరచూ ఒకటో రెండో తగ్గుతాయి.

షీటు కత్తిరించేటప్పుడు గడువు తేదీ ఉన్న కొసని చివరిదాకా ఉంచండి. 06/2027 అంటే ఆ జూన్ ఆఖరుదాకా పనికొస్తుంది.

ఇన్సులిన్ విషయం వేరుగా చెప్పాలి. సీసా మీద 40 (అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లు) అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ రంగు మూత సిరంజి. పెన్నులోది సాధారణంగా 100 రకం. దాన్ని ఎర్ర మూత సిరంజిలోకి 10 గీత దాకా లాగితే లోపలికెళ్లేది 25 యూనిట్లు. పెన్ను పాడైతే కొత్తది తెప్పించాలి తప్ప ఆ పని చేయకూడదు.

గ్లిమెపిరైడ్ ఉన్న షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ తీసుకుని టిఫిన్ మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబడే మాట, ఉన్నట్టుండి చిరాకు కనిపిస్తాయి. పెద్దవాళ్లలో దీన్ని చాదస్తమనుకుని వదిలేస్తారు. షుగర్ చూసే మిషన్‌లో 70 కంటే తక్కువుంటే, లేదా మిషనే లేకపోతే, మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ చూసి, పెరగకపోతే మళ్లీ ఇవ్వండి. మగతలో ఉంటే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. తేరుకున్నాక అన్నమో ఇడ్లీయో పెట్టండి. గ్లిమెపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి షుగర్ మళ్లీ పడిపోవచ్చు. డాక్టరుకి ఫోన్ చేసి చెప్పి, ఆ రాత్రి వాళ్ల గదిలోనే పడుకోండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ