గిన్నె అంచుకు అంటిన అయస్కాంతం

కొత్తగా కొన్న స్టీలు గిన్నె అడుగున అయస్కాంతం అంటుకోలేదు గానీ అంచు దగ్గర కాస్త లాగినట్లు అనిపించిందని, అంచుకు నాసిరకం రేకు అతికించి ఉంటారా అని ఒక పాఠకురాలు అడిగారు. అతికించలేదు. గిన్నె మొత్తం ఒకే రేకు. అచ్చులో అదిమి లాగినప్పుడు అడుగు భాగం పెద్దగా సాగదు. అంచు వైపు వెళ్లేకొద్దీ లోహం ఎక్కువ నలుగుతుంది. ఆ నలుగుడుకే అక్కడి ఉక్కు లోపలి అమరిక మారింది. అయస్కాంతం అంటితే నకిలీ స్టీలు అనే నమ్మకం ఎంత బలంగా ఉన్నా, అది పరీక్షగా పనికిరాదు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక రకాలకు కూడా అయస్కాంతం అంటదు.

సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం ఉక్కు మామూలు ఉష్ణోగ్రతలో ఆస్టెనైట్ అనే ప్రావస్థలో, అంటే పరమాణువుల ఒక తరహా అమరికలో, ఉంటుంది. అందులో పరమాణువులు ఘనం మూలల్లోనూ ముఖాల నడుమనూ అమరి ఉంటాయి. దానికి అయస్కాంతం అంటదు. నిజానికి ఆ ఉష్ణోగ్రతలో మార్టెన్‌సైట్ అనే మరో ప్రావస్థగా మారడమే దానికి లాభం, కానీ మారడానికి తగినంత ఊపు ఉండదు. విరూపణ, అంటే లాగి నలిపి ఆకారం మార్చడం, ఆ ఊపునిస్తుంది. జారిన పొరలు ఒకదాన్నొకటి ఖండించుకునే చోట్ల మార్టెన్‌సైట్ మొలకెత్తుతుంది. పరమాణువులు విడివిడిగా వలస వెళ్లకుండా, వరుసలకు వరుసలే ఒక్కసారిగా ఒరిగి కొత్త అమరికలోకి చేరతాయి, ఘనపరిమాణం కూడా రెండు మూడు శాతం పెరుగుతుంది. కొత్త ప్రావస్థ గట్టిది, అయస్కాంతం అంటేది.

ఉక్కును వేడి చేసి చల్లార్చడం గురించి పాఠాల్లో ఎంతో చెబుతాం గానీ, ఉత్త లాగుడు కూడా ప్రావస్థను మారుస్తుందని చెప్పడం అరుదు. నాకు మాత్రం అసలు విశేషం అక్కడే కనిపిస్తుంది. కడ్డీని లాగుతూ పోతే ఎక్కడో ఒక చోట అది సన్నబడుతుంది, భారమంతా అక్కడే పడుతుంది, ఇంకా సన్నబడి తెగుతుంది. వరదలో ఏటిగట్టు బలహీనమైన చోటే నీరు కోసుకుపోయి గండి పడినట్లన్నమాట. ఈ ఉక్కులో అయితే గట్టు కోసుకుపోతున్న చోటికి ఇసుక బస్తాలు వాటంతటవే చేరతాయి: ఎక్కువ సాగిన చోటే ఎక్కువ మార్టెన్‌సైట్ పుడుతుంది, అక్కడ గట్టిదనం పెరుగుతుంది, సాగుడు పక్కకు మళ్లుతుంది. అందుకే బలమూ సాగే గుణమూ కలిసి పెరుగుతాయి.

అయితే బస్తాలన్నీ వరద రాకముందే వేసేస్తే గండి పడే వేళకు నిల్వ ఉండదు. గోదాముకు తాళం వేసి ఉంచితే గండి పడినా బస్తా కదలదు. ఆస్టెనైట్ స్థిరత్వం ఈ రెండింటి మధ్య ఉండాలి, దాన్ని నిర్ణయించేవి మిశ్రమ లోహాల పాళ్లూ ఉష్ణోగ్రతా. ఇదే 304ను మరిగే నీటి వేడిలో లాగితే మార్టెన్‌సైట్ నామమాత్రంగా పుడుతుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో లాగితే కుప్పలుగా పుడుతుంది. వేగంగా లాగినప్పుడు కడ్డీ తనంత తాను వేడెక్కుతుంది కాబట్టి, మార్పు మందగిస్తుంది.

ఈ గుణాన్ని కావాలని మలిచి, 1967లో అమెరికాలోని బర్కిలీలో జాకే, పార్కర్ బృందం ట్రిప్ ఉక్కు అని పేరు పెట్టింది (ప్రావస్థ మార్పు వల్ల వచ్చే సాగే గుణం అనే ఇంగ్లిషు మాటలకు పొట్టి రూపం). కార్ల రేకుల్లో వాడే తరువాతి తరం ట్రిప్ ఉక్కులో నికెల్ ఖర్చు లేదు: 0.2 శాతం కార్బన్, చెరో ఒకటిన్నర శాతం దాకా మాంగనీసు, సిలికాన్. సుమారు 400 డిగ్రీల వద్ద కాసేపు నిలిపితే బైనైట్ అనే మరో ఉక్కు రూపం ఏర్పడుతూ కార్బన్‌ను మిగిలిన ఆస్టెనైట్‌లోకి నెడుతుంది. ఆ కార్బన్ ఇనుముతో కలిసి కార్బైడు అనే సమ్మేళనంగా విడిపోకుండా సిలికాన్ అడ్డుకుంటుంది. అలా మిగిలే ఆస్టెనైట్ 5 నుంచి 15 శాతమే. రేకును అచ్చు వేసేటప్పుడు కొంత ఖర్చయినా, మిగిలింది ప్రమాదంలో బండి నలిగే క్షణంలో అక్కరకొస్తుంది.

దీనికి ఒక చిక్కూ ఉంది. లోతుగా లాగిన కొన్ని గ్లాసులు ఏ దెబ్బా తగలకుండానే, కొన్ని రోజుల తరువాత అంచు నుంచి నిలువుగా పగులుతాయి; లోపల మిగిలిన బిగువుకు తోడు, గట్టిపడిన మార్టెన్‌సైట్ అతి కొద్ది హైడ్రోజన్‌కే పెళుసుబారుతుంది. గిన్నెను సుమారు 1050 డిగ్రీలకు వేడి చేసి చప్పున చల్లారిస్తే అంచు మళ్లీ ఆస్టెనైట్ అవుతుంది, అయస్కాంతం జారిపోతుంది, సాగి సంపాదించుకున్న గట్టిదనమూ దానితోపాటే పోతుంది.