అట్టడుగు జట్టు, మాడిన అరిసె

బాపట్ల,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరే చందూ, అమ్మలూ,

మొన్న వీడియో కాల్‌లో షోకేసు చూపించమన్నారు, చూపించాను. కొండపల్లి బొమ్మల పక్కన ఆ నల్ల బిళ్ళేమిటని చందూ అడిగాడు. "మాడిపోయిన అరిసె!" అని అమ్మలు పకపకా నవ్వింది. చెబుదామనుకునే లోపే సిగ్నల్ పోయింది. ఇంకో సంగతి కూడా ఉందిలే. సన్‌రైజర్స్ పట్టికలో కిందికి జారిందని ఆట మధ్యలోనే టీవీ కట్టేశావట కదరా చందూ, మీ అమ్మ చెప్పింది. ఆ బిళ్ళకీ నీ టీవీకీ సంబంధం ఉంది. ఫోన్‌లో తెమిలే కథ కాదని కాగితం తీశాను.

దాన్ని పక్ అంటారు. ఐస్ హాకీలో బంతి ఉండదు, ఇదే ఉంటుంది. గట్టి రబ్బరు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, 170 గ్రాముల బరువు. ఆటకి ముందు దాన్ని ఫ్రీజర్లో పెడతారు. వెచ్చగా ఉంటే మంచు మీద ఎగిరెగిరి పడుతుందట, గడ్డకడితే క్యారమ్స్ స్ట్రైకర్‌లా జారుతుంది. గట్టిగా కొడితే గంటకు 150 కిలోమీటర్లు దాటి పోతుంది. దానికి ఎదురుగా నిలబడేవాణ్ని గోలీ అంటారు. ఒళ్ళంతా దిండ్లు కట్టుకుని, ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న వల ముందు కాపలా ఉంటాడు.

2019 జనవరి మొదటి వారంలో నేనూ తాతయ్యా సెయింట్ లూయిస్‌లో మీ అత్త వాళ్ళింటికి వెళ్ళాం. ఆర్నెల్లు ఉన్నాం. బయట మంచు, లోపల హీటరు, చేసేందుకు పనేమీ లేదు. మీ మామయ్య సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఈ ఆట పెట్టేవాడు. ఆ ఊరి జట్టు పేరు బ్లూస్. చొక్కా మీద సంగీతంలో వాడే స్వరం గుర్తు ఒకటి నీలం రంగులో ఉంటుంది. మేం దిగేటప్పటికి ఆ జట్టు అమెరికా, కెనడా ఊళ్ళ జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగ్‌లో అప్పుడున్న 31 జట్లలో ముప్ఫై ఒకటోది. అంటే నీ లెక్క ప్రకారం టీవీ కట్టేయాల్సిన జట్టే!

తాతయ్య సంగతి తెలుసుగా, బ్యాంకు ఉద్యోగం. లెక్క అర్థం కాకపోతే నిద్ర పట్టదు. మొదటి రాత్రే మామయ్యను కూర్చోబెట్టి పాయింట్లు ఎలా ఇస్తారో అడిగాడు. గెలిస్తే 2. ఓడితే సున్నా. 60 నిమిషాల ఆటలో సమానంగా నిలిచి ఆ తర్వాత ఓడితే మాత్రం ఊరడింపుగా 1. జనవరి 3 పొద్దుటికి బ్లూస్ 37 ఆటల్లో 15 గెలిచి, 18 ఓడి, 4 ఆ ఊరడింపు రకంగా పోగొట్టుకుంది. పదిహేను రెళ్ళు ముప్ఫై, ఇంకో నాలుగు, మొత్తం 34. "ఇంకా ఎన్ని ఆటలున్నాయి?" అన్నాడు తాతయ్య. మొత్తం 82 కాబట్టి 45. "సగానికి పైగా ఉంటే అప్పుడే ఏడుపెందుకయ్యా?" అన్నాడు. మామయ్యకి కోపం వచ్చింది కానీ మామగారు కదా, ఏమీ అనలేదు.

ఆయన ఏడవడానికి కారణం ఉందర్రా. ఈ జట్టు 1967లో పుట్టింది. ఆ ఏడాది లీగ్‌లో ఆరు కొత్త జట్లు చేర్చి, ఆరింటినీ ఒకే వర్గంలో పెట్టారు. దాంతో కొత్తవాళ్ళలో ఎవరో ఒకరు ఫైనల్‌కి వెళ్ళి తీరాలి. వెళ్ళింది బ్లూసే, వరసగా మూడేళ్ళు. 1968లో, 1969లో మాంట్రియల్ చేతిలో, 1970లో బోస్టన్ చేతిలో ఓడింది. ఫైనల్లో ఎవరు ముందుగా నాలుగు ఆటలు గెలిస్తే వాళ్ళదే కప్పు. మూడేళ్ళలో వీళ్ళు ఆడింది పన్నెండు, గెలిచింది సున్నా. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్ళు మళ్ళీ ఫైనల్ ముఖమే చూడలేదు. తాతల కాలం నుంచి ఎదురు చూస్తున్న ఊరన్నమాట.

మేం వెళ్ళేముందే, నవంబరులో, కోచ్‌ని తీసేసి క్రెయిగ్ బెరూబీ అనే ఆయన్ని తాత్కాలికంగా పెట్టారు. ఆడే రోజుల్లో మహా గొడవ మనిషి. ఈ ఆటలో తప్పు చేస్తే రెండు నిమిషాలో అయిదు నిమిషాలో పక్కన చిన్న గదిలో కూర్చోబెడతారు, మన బళ్ళో బెంచీ ఎక్కించినట్టు. ఆయన అలా కూర్చున్న నిమిషాలన్నీ కలిపితే 3000 దాటతాయి. కానీ కోచ్ మారగానే జట్టేమీ మారిపోలేదు. తాతయ్య లెక్కలో ఆయన వచ్చాక జనవరి 3 దాకా 8 గెలుపులు, 9 ఓటములు, ఒక ఊరడింపు. డిసెంబరులో ప్రాక్టీసులో శాన్‌ఫర్డ్, బోర్టుజో అనే ఇద్దరు సొంత జట్టువాళ్ళే కొట్టుకున్నారు కూడా! ఆ వీడియో మామయ్య చూపించాడు. ఆ శాన్‌ఫర్డ్ పేరు గుర్తుంచుకోండి.

మారింది గోలీతో. జోర్డన్ బినింగ్టన్. వయసు 25. ఆ కుర్రాణ్ని 2011లోనే ఎంచుకుని, ఏళ్ళ తరబడి చిన్న లీగుల్లోనే తిప్పారు. అంతకుముందు ఏడాదైతే బోస్టన్‌వాళ్ళ కింది జట్టుకి అరువిచ్చారు. అరువు అంటే నిజంగా అరువే, పక్కింటికి రోలు ఇచ్చినట్టు. జనవరి 7న ఫిలడెల్ఫియాలో మొదటిసారి అతన్ని మొదటి నిమిషం నుంచీ వల ముందు నిలబెట్టారు. అవతలివాళ్ళకి ఒక్క గోలూ ఇవ్వలేదు, 3-0. ఆ సీజన్లో ఒకసారి కంగారుగా ఉందా అని విలేకరులు అడిగితే, "కంగారు పడుతున్నట్టు కనిపిస్తున్నానా?" అని ఎదురడిగాడట. మొహం చూస్తే ఇడ్లీ తిని పేపరు చదువుకుంటున్నవాడిలాగే ఉంటాడు మరి.

ఆ ముందు రాత్రి అదే ఊళ్ళో అయిదుగురు ఆటగాళ్ళు ఒక బార్లో కూర్చుని టీవీలో వాళ్ళ ఫుట్‌బాల్ చూశారు. విరామం వచ్చినప్పుడల్లా జనం 'గ్లోరియా' పాట పెట్టమని అరవడం, అది పెట్టగానే గంతులెయ్యడం. 1982లో లారా బ్రానిగన్ పాడిన పాట అది. వీళ్ళకి ఆ సందడి నచ్చి, గెలిచినప్పుడల్లా మనమూ ఇదే పెట్టుకుందాం అనుకున్నారు. మర్నాడే గెలిచారు. ఇక జూన్ దాకా ఆ ఊళ్ళో ఎక్కడికెళ్ళినా అదే పాట. కూరగాయల కొట్లో కూడా. నాకు ఇప్పటికీ పప్పు మెదుపుతుంటే నోట్లోకి వచ్చేస్తుంది.

ఫిబ్రవరిలో మామయ్య మమ్మల్ని స్టేడియానికి తీసుకెళ్ళాడు. తాతయ్య మంకీ క్యాప్, నేను రెండు స్వెట్టర్లు. అద్దం అవతలే ఆట. టీవీలో తెలియదు గానీ, దగ్గర్నుంచి ఆ శబ్దం వేరు. స్కేట్లు మంచుని కోస్తుంటే రోట్లో పచ్చిమిరపకాయలు నూరుతున్నట్టు కరకర. ఒక్కొక్కరు ముప్పావు నిమిషం ఆడి, రొప్పుతూ గోడ దూకి బెంచీ మీదకి వస్తారు, ఇంకొకరు దూకుతారు. ఆట ఆగదు. గోల్ పడితే పై వరసలో ఒక పెద్దాయన లేచి ఎన్ని గోల్సయితే అన్నిసార్లు తువ్వాలు తిప్పుతాడు, జనమంతా ఒకటీ రెండూ మూడూ అని గొంతు కలుపుతారు, ఆఖర్న దాన్ని జనంలోకి విసురుతాడు. తాతయ్య తెలుగులోనే లెక్కపెట్టాడు. ఆ బిళ్ళ కొన్నది ఆ రోజే.

జనవరి చివర మొదలుపెట్టి ఆ నెల దాకా వరసగా 11 గెలిచారు. అప్పటికి జట్టు చరిత్రలోనే అంత పొడుగు వరస లేదు. మిగిలిన 45 ఆటల్లో 30 గెలిచి, 99 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు.

ప్లేఆఫ్స్ అంటే నాలుగు మెట్లు, ఒక్కో మెట్టుకి నాలుగు గెలుపులు, అంటే పదహారు. మొదటి మెట్టులో విన్నిపెగ్‌ని దాటారు. రెండో మెట్టు డల్లాస్. ఏడో ఆట దాకా వచ్చింది. 1-1. అదనపు సమయం ఒకటి అయిపోయింది, రెండోది మొదలైంది. తాతయ్య సోఫాలో కునుకు తీస్తున్నాడు. అవతలి గోలీ బెన్ బిషప్ పెరిగింది సెయింట్ లూయిస్‌లోనే, యాభైకి పైగా షాట్లు ఆపాడు. వల స్తంభానికి కొట్టుకుని అతని వెనక పడిన పక్‌ని లోపలికి తోసింది పాట్ మరూన్. అతనూ ఆ ఊరి పిల్లాడే. కొడుక్కి దగ్గరగా ఉండాలని ఆ ఏడాదే సొంతూరి జట్టులో చేరాడు. ఆ పిల్లాడు స్టాండ్లో ఏడుస్తుంటే టీవీలో చూపించారు. మీ అత్త ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తాతయ్య లేచి "ఎవరు పోయారు?" అన్నాడు.

ఇప్పుడొక అన్యాయం. మూడో మెట్టు శాన్ హోసే మీద. మూడో ఆట, అదనపు సమయం. అవతలివాడు పక్‌ని చేత్తో తోటివాడికి తోశాడు, అది తప్పు. అక్కణ్నుంచి ఇంకొకడికి, వాడు గోల్. నలుగురు రిఫరీల్లో ఒక్కరూ చూడలేదు. వీడియో చూసి సరిదిద్దే వీలు అప్పటి నిబంధనల్లో లేదు. గోల్ గోలే, ఆట పోయింది. మామయ్య రిమోట్ విసిరాడు, బ్యాటరీలు సోఫా కిందకి పోయాయి. తప్పు జరిగిందని లీగే ఒప్పుకుంది, మరుసటి సీజన్ నుంచి అలాంటివి వీడియోలో చూసేలా నిబంధన మార్చారు. ఆ ఆట మాత్రం వెనక్కి రాలేదు. బ్లూస్ తర్వాతి మూడూ గెలిచారు: 2-1, 5-0, 5-1. మూడో ఆట గురించి మామయ్య ఇప్పటికీ తిడతాడు. ఆడినవాళ్ళకి తిట్టే తీరిక లేకపోయింది.

ఫైనల్ మళ్ళీ బోస్టన్‌తోనే. మొదటి ఆట పోయింది. పాత పన్నెండుతో కలిపి ఫైనల్స్‌లో పదమూడు ఆటలు, పదమూడూ ఓటమే. రెండో ఆటలో గన్నార్సన్ కొట్టిన పక్ మామూలు సమయం చివర్లో స్తంభానికి తగిలి వెనక్కొచ్చింది. అదనపు సమయానికి ముందు విరామంలో అతను బాత్రూమ్‌లో కోచ్ పక్కనే నిలబడి, ఇంకొక్క ఛాన్స్ చాలన్నాడట. ఇచ్చారు, కొట్టాడు. ఫైనల్స్‌లో బ్లూస్ గెలిచిన మొట్టమొదటి ఆట అది. చరిత్ర ఎక్కడెక్కడ మొదలవుతుందో చూశారా!

జూన్ 12, బుధవారం. బోస్టన్‌లో ఏడో ఆట. మొదటి ఇరవై నిమిషాలు బ్లూస్ ఆడుతున్నట్టే లేదు. బోస్టన్ 12 షాట్లు కొట్టింది, బినింగ్టన్ పన్నెండూ ఆపాడు. వీళ్ళు కొట్టింది నాలుగే, అందులో రెండు గోల్స్. మొదటిది ర్యాన్ ఓరైలీది. పక్కటెముక చిట్లి ఉన్నా ఆడుతూ, ఫైనల్లో వరసగా నాలుగు ఆటల్లో గోల్ చేసినవాడు. రెండోది కెప్టెన్ పియట్రాంజెలో, గడియారంలో ఎనిమిది సెకన్లు ఉండగా. ఆఖరి భాగంలో బోస్టన్ కుర్రాడికి ఖాళీ వల దొరికినట్టే అయింది. బినింగ్టన్ అటునుంచి ఇటు కాలు చాపాడు. ఆ కాలు చాపడం నేను కనీసం వందసార్లు చూసుంటాను, ఇప్పటికీ పోతుందనే అనిపిస్తుంది. తర్వాత షెన్ మూడోది కొట్టాడు. నాలుగోది ఎవరు? శాన్‌ఫర్డ్. 4-1.

టీవీలో అద్భుతం, అద్భుతం అన్నారు. నాకు ఆ మాట ఒప్పదు. అద్భుతమైతే ఒక్క రాత్రిలో అయిపోవాలి. ఇది జనవరి నుంచి జూన్ దాకా మా కళ్ళముందు, రెండేసి పాయింట్ల చొప్పున జరిగింది. తాతయ్య ఊరి నుంచి తీసుకెళ్ళిన తెలుగు క్యాలెండర్లో, రాహుకాలం పక్కన, పాల లెక్క రాసినట్టు ప్రతి స్కోరూ రాశాడు. జూన్ 12 గడిలో దశమి అని ఉంటే, దాని కింద 4-1 అని రాసి రెండు గీతలు గీశాడు. బ్యాంకులో లెక్క ముగిస్తే అలాగే గీస్తారట.

ఇక కప్పు. 1892లో లార్డ్ స్టాన్లీ అని కెనడా గవర్నర్ జనరల్ ఇచ్చిన కప్పు, అందుకే స్టాన్లీ కప్. ఇప్పుడు దాదాపు మూడడుగుల ఎత్తు, పదిహేనున్నర కిలోలు. మన ఇంట్లో ఖాళీ గ్యాస్ బండ ఎత్తి చూడండి, దాదాపు అంతే. గెలిచినవాళ్ళ పేర్లన్నీ దాని మీద చెక్కుతారు. చోటు నిండితే పాత పట్టీ ఊడదీసి టొరంటోలో మ్యూజియంలో పెట్టి, కింద కొత్తది తొడుగుతారు. గెలిచిన ప్రతి ఆటగాడికీ ఆ వేసవిలో ఒక రోజు కప్పు ఇంటికి తీసుకెళ్ళే హక్కుంటుంది.

జూన్ 15న ఊరేగింపు. మేమూ వెళ్ళాం. నీలం చొక్కాలు తప్ప రోడ్డు కనిపించలేదు. 1967లో మొదటి జట్టులో ఆడిన బాబ్ ప్లేగర్ కూడా ఆ ఊరేగింపులో ఉన్నాడు, తెల్లటి జుట్టుతో. మా ముందున్న ముసలాయన భుజాల మీద మనవణ్ని ఎక్కించుకుని, వాడికి చూపిస్తూ తను మాత్రం ఏమీ చూడలేకపోయాడు.

వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఆ క్యాలెండర్ కాగితాలు ఇస్తాను, చూసుకోండి. జనవరి కాగితం మీద కాఫీ మరక ఉంటుంది, అది మామయ్య పని. చందూ, మీ సన్‌రైజర్స్‌కి ఇంకెన్ని ఆటలున్నాయో తాతయ్య అడగమంటున్నాడు, ఫోన్ చేసి చెప్పు. అమ్మలూ, బిళ్ళ మాత్రం అడక్కు. దాని మీద అరటికాయ బజ్జీ గిన్నె పెట్టావంటే ఊరుకోను.

ఆశీస్సులతో,
నాయనమ్మ