సబ్‌మెరైన్ విడిభాగాలు: మన లేత్ షాపుల్లో తిరిగే అపోహలు

భీమవరం, తణుకు, పాలకొల్లు వైపు షాపుల వాళ్లు నేవీ పని గురించి అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు. నేను వాల్వులు, ఫిట్టింగుల క్వాలిటీ చూసేవాడిని కాబట్టి ఎవరడిగినా ఓపిగ్గానే చెప్తాను, కానీ మర్నాడే ఎవరో "అదంతా ఉత్తిదే" అని వాళ్ల చెవిలో ఊదేస్తారు.

అపోహ: కొలత కరెక్టుగా వస్తే పీస్ పాసైనట్టే.

చేతులు కాలేది ఇక్కడేనండీ. ముందు అడిగేది లోహం ఏ హీట్ నంబరుది (అంటే ఏ విడత కరిగించి పోసిందో చెప్పే నంబరు), దాని టెస్ట్ సర్టిఫికెట్ ఏది అని. మైక్రోమీటరు బయటికి తీసేది ఆ తర్వాతే. సముద్రపు నీరు తగిలే వాల్వులకి నికెల్ అల్యూమినియం బ్రాంజ్ లాంటివి అడుగుతారు, చూడ్డానికి అదీ ఇత్తడిలాగే పచ్చగా ఉంటుంది. ఉప్పునీటి చెరువుల మీద ఇత్తడి ఫిట్టింగు కొన్నాళ్లకి ఎర్రబడి, గోకితే రాలిపోవడం మీరు చూసే ఉంటారు. జింకు నీళ్లలోకి పోయి రాగి గుల్లగా మిగులుతుంది. చెరువు దగ్గరైతే పంపు ఆపి ఇంకోటి బిగిస్తాం. 300 మీటర్ల లోతులో చదరపు సెంటీమీటరుకి సుమారు 30 కిలోల ఒత్తిడి ఉంటుంది, అక్కడేం బిగిస్తారు?

మా ఊరి వైపు ఒకాయన, చెయ్యి తిరిగిన పనివాడు, రాడ్డులో హీట్ నంబరు పంచ్ కొట్టి ఉన్న చివరని ముందే కోసి స్క్రాపులో పడేశాడు. కొయ్యకముందే ఇన్‌స్పెక్టరు ఎదుట ఆ నంబరుని ప్రతి ముక్క మీదకీ ఎక్కించాలి. లాట్ మొత్తం రిజెక్ట్. "స్పెక్ట్రో (లోహంలో ఏమేం కలిశాయో చూపే పరీక్ష) కొట్టించండి, అదే మెటల్ కదండీ" అంటాడు. కెమిస్ట్రీ కలవచ్చు, మరి బలం పరీక్ష, అల్ట్రాసోనిక్ పరీక్ష చేసిన రాడ్డు ఇదేనని సంతకం ఎవరు పెడతారు? మెటీరియల్ అప్పు చేసి కొన్నాడు పాపం, నాకూ బాధే.

1963 ఏప్రిల్ 10న అమెరికా సబ్‌మెరైన్ థ్రెషర్ 129 మందితో మునిగిపోయింది. ఉప్పునీటి పైపు జాయింటు వదిలేసి ఉంటుందని విచారణలో అనుకున్నారు. ప్రాణాల మీదకి తెచ్చే ప్రతి లోహానికీ, ప్రతి జాయింటుకీ రికార్డు ఉండాలనే సబ్‌సేఫ్ పద్ధతి అక్కడ ఆ తర్వాతే వచ్చింది. కాబట్టి కాగితం అడిగిన ప్రతి ఇన్‌స్పెక్టరూ లంచం కోసమే సతాయిస్తున్నాడని పుకార్లు పుట్టించకండి.

అపోహ: సబ్‌మెరైన్లన్నీ ఫారిన్‌వే. ముంబై మజగావ్ డాక్‌లో కట్టిన శల్కి 1992లోనే నేవీలో చేరింది, కల్వరి తరగతిలో ఆరోదైన వాగ్‌షీర్ 2025 జనవరిలో చేరింది. అరిహంత్ కట్టింది మన వైజాగ్‌లోనే.

అపోహ: బ్రోకరుకి డబ్బిస్తేనే నేవీ పనిలోకి ఎంట్రీ. చిన్న యూనిట్లు ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యం రిజిస్ట్రేషన్‌కి పైసా ఫీజు లేదు. బయటి దేశాల నుంచి తెస్తున్న ఏ భాగాలు ఇక్కడ చేయించాలనుకుంటున్నారో రక్షణ శాఖ వాళ్ల సృజన్ పోర్టల్‌లో చూడొచ్చు. వెండర్ కోడ్ (సరుకు ఇచ్చేవాళ్లకిచ్చే నంబరు) ఇప్పిస్తానని లక్షలు అడిగేవాణ్ణి గుమ్మం బయటే ఆపండి.

డబ్బులు రావేమోనని టెన్షన్ పడేవాళ్లకి: చిన్న యూనిట్లకి 45 రోజుల్లోపు చెల్లించాలని చట్టం ఉంది, కానీ ఆ లెక్క మొదలయ్యేది కొనేవాళ్లు సరుకు తీసుకున్నాకే. కోట్ చేసేటప్పుడే ఇన్‌స్పెక్షన్‌కి పట్టే కాలానికి బ్యాంకు వడ్డీ కూడా కలుపుకోండి.