పంట కోసం వెనక్కి వెళ్లినవాళ్లు: అగ్నిపర్వతాలపై అపోహలు - వాస్తవాలు

అగ్నిపర్వతాల బూడిద మీద పనిచేస్తానని చెప్పగానే నాకు ఎదురయ్యే మాటలు దాదాపు ఇవే. ఎక్కువగా కరీబియన్ సముద్రంలోని మాంట్‌సెరాట్ సంగతులే చెబుతాను. బ్రిటన్ పాలనలో ఉన్న చిన్న ద్వీపం అది, అప్పట్లో పది వేల పైచిలుకు జనం. 1995 జులై 18న అక్కడి సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం మేలుకుంది.

అపోహ: లావా మెల్లగా వస్తుంది, చూసి పరిగెత్తొచ్చు.

చాలాచోట్ల లావా మెల్లగా పారే మాట నిజమే. మాంట్‌సెరాట్‌లో అది పారేంత పల్చగా లేదు. సంకటి ముద్దలా చిక్కగా పైకొచ్చి, శిఖరం మీదే గుమ్మటంలా పేరుకుంది. ఆ గుమ్మటం కూలితే వేడి వాయువు, బూడిద, రాళ్లు కలిసి వాలు వెంట దూకుతాయి. వందల డిగ్రీల వేడి, గంటకు వంద కిలోమీటర్లు దాటగల వేగం. కారులో ఉన్నా తప్పించుకోవడం కష్టం. కాబట్టి కొండ ఇంకా మామూలుగా కనిపిస్తుండగానే ఊరు ఖాళీ చేయించాలి.

అపోహ: బూడిదే కదా, కడిగితే పోతుంది.

నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర, సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు పడిన బూడిద ఇప్పటికీ మందంగా ఉంది. వేళ్ల మధ్య నలిపితే గోధుమపిండిలా మెత్తగా తగులుతుంది. చిటికెడు తీసి మైక్రోస్కోప్ కింద పెడితే మాత్రం అన్నీ గాజు పెంకులే, వంపు తిరిగిన పదునైన అంచులతో. పొయ్యి బూడిదకూ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. మాంట్‌సెరాట్ బూడిదలో ఊపిరితిత్తులకు చేటు చేసే సిలికా కూడా ఉంది. వాన పడితే బరువెక్కి ఇంటి కప్పు కూలిపోవచ్చు. బకెట్లతో కుమ్మరించి కడిగితే కాలువల్లో గడ్డకట్టి పూడిపోతుంది. మాస్కు కట్టుకుని, దుమ్ము లేవకుండా కొద్దిగా నీళ్లు చిలకరించి, పారతో ఎత్తాలి.

అపోహ: మన దేశంలో అగ్నిపర్వతాలే లేవు.

అండమాన్‌లోని బారెన్ ద్వీపం అగ్నిపర్వతమే. అక్కడ మనుషులు ఉండరు, అంతే.

అపోహ: ఖాళీ చేయమని చెప్పాక కూడా చనిపోయారంటే అది వాళ్ల తప్పే.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. 1997 జూన్ 25న మాంట్‌సెరాట్ గుమ్మటం కూలి, వేడి వాయువు, బూడిద, రాళ్ల ప్రవాహాలు ఫారెల్స్, స్ట్రీతమ్ లాంటి పల్లెల మీద పడ్డాయి. 19 మంది చనిపోయారు. అది నిషేధిత ప్రాంతం. మ్యాపు ఉంది, హెచ్చరిక ఉంది. అగ్నిపర్వతాన్ని గమనించే అబ్జర్వేటరీ వాళ్లు గుమ్మటాన్ని కొలుస్తూనే ఉన్నారు. అయినా లోపల మనుషులున్నారు. వాళ్లలో కొందరు పంట చూసుకోవడానికి వెళ్లిన రైతులు.

ఎందుకు వెళ్లారు? ఇల్లు వదిలి వచ్చినవాళ్లను చర్చిల్లో, స్కూళ్లలో సర్దారు. ఇరుకు, మరుగుదొడ్లు చాలవు. నెలల తరబడి అదే బతుకు. సాగు భూమి చూస్తే కొండ పక్కనే ఉంది. కూరగాయలు కుళ్లిపోవడం రేపే కళ్లకు కనపడే నష్టం, కొండ కూలేది ఎప్పుడో ఎవరూ తేదీ చెప్పలేరు. ఆ స్థితిలో ఏ రైతైనా ఏం చేస్తాడు? నా మట్టుకు నాకు, జనాన్ని బస్సెక్కించి దింపితే అధికారుల పని సగమే అయినట్టు. పోయే పంటకు డబ్బు, పశువులకు చోటు, కుటుంబానికి తలుపున్న గది మొదటి వారాల్లోనే తేల్చాలి. అది లేకుండా గీసిన నిషేధ రేఖను ఆకలి దాటేస్తుంది.

అపోహ: పది రోజుల్లో చల్లారిపోతుంది, మళ్లీ ఇంటికి.

రాజధాని ప్లీమత్‌ను 1996 ఏప్రిల్‌లో పూర్తిగా ఖాళీ చేయించారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఊరు కాలి, బూడిద కింద పూడిపోయింది. జనాభాలో దాదాపు మూడింట రెండొంతులు ద్వీపమే వదిలేశారు. 2010 ఫిబ్రవరిలో గుమ్మటం మళ్లీ కూలింది. ఇవాళ్టికీ కాగితం మీద రాజధాని ప్లీమతే, ఆఫీసులు మాత్రం ఉత్తరాన బ్రేడ్స్‌లో నడుస్తున్నాయి.