లేని తేదీ, మారని ట్యాబ్: పాత సాఫ్ట్‌వేర్ ఇంకా ఎందుకు ఉంది?

ఎక్సెల్ తెరిచి ఏదో ఒక గడిలో 60 అని కొట్టండి. దాన్ని తేదీగా చూపించమని అడగండి. 1900 ఫిబ్రవరి 29 అని వస్తుంది. అలాంటి రోజు క్యాలెండర్‌లో లేదు, ఎందుకంటే 1900 లీపు సంవత్సరం కాదు.

ఈ తప్పు మొదట చేసింది ఎక్సెల్ కాదు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ 1900ను లీపు సంవత్సరంగా లెక్కగట్టింది. అప్పట్లో ఎన్నో ఆఫీసుల లెక్కలు అందులోనే ఉండేవి. ఆ ఫైళ్లను ఎక్సెల్‌లో తెరిస్తే తేదీలు ఒక్కరోజు కూడా అటూ ఇటూ కాకూడదని మైక్రోసాఫ్ట్ ఆ తప్పును కూడా అలాగే తెచ్చిపెట్టుకుంది. లోటస్ అమ్మకాలు 2013లో ఆగిపోయాయి. తప్పు మాత్రం మిగిలింది. ఇప్పుడు దిద్దబోతే ఇన్నేళ్లుగా జనం దాచుకున్న షీట్లలో దాదాపు ప్రతి తేదీ ఒక రోజు జరిగిపోతుంది.

పాత సాఫ్ట్‌వేర్ గురించి చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ లేని తేదీ గుర్తొస్తుంది. ఆ చర్చ తరచూ వస్తూనే ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కరోనా వల్ల ఉద్యోగాలు పోయినవాళ్లు నిరుద్యోగ భృతి కోసం ఒక్కసారిగా దరఖాస్తు చేసుకున్నారు. ఆ దరఖాస్తులు చూసే పాత కంప్యూటర్ వ్యవస్థ కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినది. అది తెలిసినవాళ్లు సాయానికి రావాలని గవర్నర్ ఫిల్ మర్ఫీ విలేకరుల సమావేశంలోనే అడగాల్సి వచ్చింది. కోబాల్ పని మొదలైంది 1959లో. ఆ వార్త విన్నవాళ్లకు ముందుగా తట్టే ప్రశ్న, ఇంతకాలం దాన్ని ఎందుకు ఉంచుకున్నారని. ప్రశ్న న్యాయమైనదే. జవాబు కోసం మాత్రం చాలా వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో ఒక్కో కంపెనీ కంప్యూటర్‌కు ఒక్కో భాష. యంత్రం మారిస్తే ప్రోగ్రాములన్నీ మళ్లీ రాసుకోవాల్సిందే. ఆ బాధ తప్పించడానికి 1959 మేలో పెంటగాన్‌లో ఒక సమావేశం పెట్టారు. కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ అంతకుముందే తయారుచేసిన ఫ్లో-మాటిక్ భాష ఆధారంగా కోబాల్ రూపం పోసుకుంది. ఇందులో డబ్బు లెక్క మనం కాగితం మీద వేసినట్టే పదుల లెక్కలో జరుగుతుంది. మామూలుగా నేటి భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వస్తుంది, ఎందుకంటే లోపల లెక్క 0, 1 అనే రెండే అంకెల పద్ధతిలో నడుస్తుంది. ఖాతాల పుస్తకంలో ఆ చివరి 4 ఉండకూడదు. బ్యాంకులు కోబాల్‌ను పట్టుకోవడానికి ఇదొక గట్టి కారణం.

ఇంకో కారణం 1964 నాటిది. ఐబీఎం ఆ ఏడు సిస్టమ్/360 ప్రకటించింది. చిన్న యంత్రం కొన్నవాళ్లు రేపు పెద్దది కొనుక్కున్నా ప్రోగ్రాములు మార్చుకోనక్కర్లేదని మాట ఇచ్చింది. ఆ వంశంలోని మెయిన్‌ఫ్రేములు, అంటే బ్యాంకుల్లాంటి సంస్థలు వాడే పెద్ద కంప్యూటర్లు, ఈనాటికీ ఆ మాటను చాలావరకు నిలబెట్టుకుంటున్నాయి. కోబాల్ బతికి ఉండటానికి భాష గొప్పదనం కన్నా ఈ మాట నిలబెట్టుకోవడమే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

యంత్రం పోయినా దాని కొలతలు ఉండిపోయిన కథ ఇంకా పాతది. 1928లో ఐబీఎం చిల్లులతో సమాచారం నమోదుచేసే తన పంచ్ కార్డును 80 నిలువు వరుసలతో తెచ్చింది. తర్వాత పెద్ద కంప్యూటర్‌తో మాట్లాడటానికి తెర, మీటలు ఉన్న టెర్మినళ్లు వచ్చినప్పుడు వాటిలో చాలావాటి వెడల్పు కూడా 80 అక్షరాలే అయింది. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్ 80 నిలువు వరుసలు, 24 గీతలు. ఇవాళ కంప్యూటర్‌లో టెర్మినల్ కిటికీ తెరిస్తే చాలాసార్లు అదే కొలత కనిపిస్తుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ రాసేవాళ్లు ఒక గీత 80 అక్షరాలు దాటకూడదని 2020 వరకు పట్టుబట్టారు. పంచ్ కార్డులోని ఆ 80 గడుల్లో చోటు ఆదా చేయాలని సంవత్సరాన్ని రెండంకెలతో రాయడం అలవాటై, చివరికి 2000 వస్తే కంప్యూటర్లు 00ను 1900 అనుకుంటాయేమోనని ప్రపంచమంతా వై2కే అని టెన్షన్ పడే దాకా వచ్చింది.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టినప్పుడు వాళ్ల ముందున్నది కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైప్ యంత్రం. దాని వేగం సెకనుకు 10 అక్షరాలు. అందుకే కమాండ్ల పేర్లు ఎల్ఎస్, సీపీ, ఎంవీ, ఆర్ఎం అని రెండేసి అక్షరాలకు కుదించుకుపోయాయి. ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్ పేరు ఇంకా విచిత్రం. ఈడీ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఒక నమూనాకు సరిపోయే గీతలన్నీ చూపించు అనే ఆదేశాన్ని జీ, ఆర్ఈ, పీ అనే అక్షరాలతో సూచించేవారు. అవే కలిసి గ్రెప్ అయ్యాయి.

1973లో బెల్ ల్యాబ్స్‌లోనే ఉన్న డగ్ మెక్‌ల్రాయ్ పట్టుబట్టడంతో పైపులు వచ్చాయి. ఒక కమాండ్ చెప్పిన జవాబు ఇంకో కమాండ్‌కు ప్రశ్నగా అందుతుంది. మధ్యలో పారేది మామూలు అక్షరాలే. ఈ చిన్న పనిముట్లు ఇన్నాళ్లు నిలవడానికి అసలు కారణం ఇదే. లోపలికి ఏం వెళ్తుందో, బయటికి ఏం వస్తుందో మారనంతకాలం, లోపలి కోడ్‌ను ఎవరైనా ఎప్పుడైనా కొత్తగా రాసుకోవచ్చు. అలాగే రాశారు కూడా. మనం నేడు లినక్స్‌లో వాడే గ్రెప్‌లో థాంప్సన్ రాసిన కోడ్ లేదు, అది గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్లు కొత్తగా రాసుకున్నది. చెరువు పాతదే, నీళ్లు కొత్తవి.

బయటి తీరు మార్చడం మాత్రం చాలా కష్టం. 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ అనే పనిముట్టు రాశారు. పెద్ద ప్రోగ్రాములో ఏ ముక్క మారిందో చూసి, అవసరమైన ముక్కలను మాత్రమే మళ్లీ తయారుచేస్తుంది. దానికి ఇచ్చే ఫైల్‌లో ఆదేశం ముందు తప్పనిసరిగా ట్యాబ్ ఉండాలి. ఖాళీలు పెడితే ఒప్పుకోదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎందుకు పనిచేయడం లేదో తెలియక గంటలు పోగొట్టుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. ఇది బాగోలేదని ఫెల్డ్‌మన్‌కు రాసిన కొన్నాళ్లకే తెలిసింది. కానీ అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, చాలామంది స్నేహితులే. వాళ్ల పని చెడగొట్టడం ఇష్టంలేక అలాగే వదిలేశానని ఆయనే తర్వాత చెప్పారు. ఆ డజను మంది పట్ల చూపిన మర్యాద ఇప్పటికీ ప్రపంచంలోని ఎంతోమంది ప్రోగ్రామర్ల ఫైళ్లలో ఉంది. నాకు ఇందులో ఫెల్డ్‌మన్ తప్పు కనిపించదు.

అదే ఏడాది అమెరికాలోని బెర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ పని మొదలుపెట్టిన వీఐ ఎడిటర్ది కూడా ఇలాంటి కథే. ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్ మీద బాణం గుర్తులు హెచ్, జే, కే, ఎల్ మీటల మీదే ముద్రించి ఉండేవి. ఆ టెర్మినళ్లు ఇప్పుడు మ్యూజియం వస్తువులు. అయినా ఆ నాలుగు మీటలతోనే ఫైళ్లలో తిరిగే వేళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. 1991లో బ్రామ్ మోలెనార్ వీఐని పోలిన ఒక ఎడిటర్‌ను పెంచి విమ్‌గా విడుదల చేశారు. నచ్చితే ఉగాండాలోని పిల్లలకు సాయం చేయండి అని వాడేవాళ్లను కోరేవారు. 2023 ఆగస్టులో చనిపోయే వరకు విమ్‌ను తానే చూసుకున్నారు. తర్వాత ఇతరులు అందుకున్నారు.

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ దారి వేరు. 1977లో తన పుస్తకం కొత్త ముద్రణ ప్రూఫులు చూసి, అక్షరాల తీరు నచ్చక అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్ తానే రాసుకోవడం మొదలుపెట్టారు. అదే టెక్. కొద్ది నెలల పని అనుకున్నది దాదాపు పదేళ్లు పట్టింది. 1990లో ఆయన ఇక కొత్త సదుపాయాలేవీ చేర్చనని ప్రకటించారు. తప్పులు దిద్ది కొత్త వెర్షన్ విడుదల చేసినప్పుడల్లా దాని సంఖ్యకు గణితంలోని పై (π) విలువ నుంచి ఇంకో అంకె చేరుతుంది. 2021లో అది 3.141592653కి వచ్చింది. తన తర్వాత వెర్షన్‌ను π అని పెట్టి, మిగిలిన తప్పులన్నిటినీ దాని గుణాలుగానే వదిలేయాలని ఆయన కోరిక. గణితం, భౌతికశాస్త్ర పత్రాలు చాలావరకు నేటికీ దాని మీద కట్టిన లేటెక్‌లోనే రాస్తున్నారు. ఇవాళ రాసిన పేజీ ముప్పై ఏళ్ల తర్వాతా అదే పేజీగా రావాలనుకునేవాళ్లకు ఈ మొండితనమే కావాలి.

అయితే పాతదంతా మంచిదని అంటే అది అబద్ధం. 2015 నవంబర్‌లో పారిస్ ఓర్లీ విమానాశ్రయంలో వాతావరణ సమాచారం అందించే వ్యవస్థ ఆగిపోయి విమానాలు నిలిచిపోయాయి. అది విండోస్ 3.1 మీద నడిచేదని తర్వాత బయటపడింది. అమెరికా అణ్వాయుధ దళాల సందేశ వ్యవస్థ 2019 వరకు ఎనిమిదంగుళాల ఫ్లాపీలు వాడింది. కొత్త భాగాలు దొరకనప్పుడు, తెలిసిన మనుషులు ఒక్కొక్కరే రిటైరవుతున్నప్పుడు, పాత పనిముట్టు నిజంగానే ప్రమాదమవుతుంది.

కానీ ఆ ప్రమాదాన్ని వయసుతో కొలిస్తే పొరపాటు పడతాం. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై దాడి బ్రిటన్ ఆసుపత్రులను స్తంభింపజేసినప్పుడు నింద ముందుగా విండోస్ ఎక్స్‌పీ మీద పడింది. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014లోనే ఆగిపోయింది కాబట్టి అనుమానం సహజమే. తీరా చూస్తే సోకిన యంత్రాల్లో అత్యధికం విండోస్ 7వి. వాటికి లోపం దిద్దే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. వేసుకోలేదు. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం కథ కూడా అలాంటిదే. అది ఉన్నది ఇంటర్నెట్‌లో పెద్ద భాగాన్ని కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో. దానికి అప్పట్లో పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కరే. కోట్లమంది ఆధారపడినదాన్ని చూసుకోవడానికి ఒక్క మనిషిని మిగల్చడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

చూసుకునే మనిషి ఉంటే ఎలా ఉంటుందో ఆక్ చూపించింది. 1977లో ఆల్ఫ్రెడ్ అహో, పీటర్ వైన్‌బర్గర్, బ్రయన్ కెర్నిఘన్ తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో పేరుపెట్టిన చిన్న భాష అది. వరుసలుగా ఉన్న డేటాను నాలుగు మాటల్లో ఏరి కూడి ఇస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఆ అసలు ఆక్‌కు ప్రపంచ భాషల అక్షరాలన్నిటినీ గుర్తించే యూనికోడ్ పద్ధతి తెలియదు. తెలుగు అనే మాట పొడవెంత అని అడిగితే, ఒక్కో గుర్తుకు మూడు బైట్ల చొప్పున 18 అనేది. 2022లో కెర్నిఘన్ తన ఎనభయ్యో ఏట కూర్చుని దానికి యూనికోడ్ నేర్పారు. కోడ్ మార్పులు నమోదుచేసే గిట్ అనే పనిముట్టు తనకు ఇంకా సరిగ్గా అర్థం కాలేదని చెప్పుకుంటూనే మార్పులు పంపారు. ఇప్పుడు అదే ప్రశ్నకు అది 6 అని చెబుతుంది.