డిష్-ఫాల్క్ మైదానం తివాచీ కింద ఏముంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఆస్టిన్‌లో చదువుకుంటున్న పిల్లలకు టెక్సస్ యూనివర్సిటీ బేస్‌బాల్ మైదానం తెలిసే ఉంటుంది. ఇంటర్‌స్టేట్ 35 దాటగానే తూర్పున, మార్టిన్ లూథర్ కింగ్ బులెవార్డ్ పక్కన ఉంటుంది. దాని పేరు డిష్-ఫాల్క్ ఫీల్డ్. హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో క్రికెట్ చూస్తూ పెరుగుతున్న మీ బాబాయి పిల్లలకు ఈ ఉత్తరం చదివి వినిపించినా అర్థం కావాలని, కొన్ని చిన్న సంగతులు కూడా విడమరిచి రాస్తున్నాను.

ఈ మైదానానికి ముందు 1928 నుంచి 1974 దాకా ఆట క్లార్క్ ఫీల్డ్‌లో జరిగేది. అలాంటి మైదానం మళ్ళీ ఎవరూ కట్టరు. ఎడమ, మధ్య అవుట్‌ఫీల్డ్‌లో నిజమైన సున్నపురాయి గుట్ట ఉండేది. ఒకచోట 12 అడుగులు, మరోచోట 30 అడుగుల ఎత్తు. దానికి 'బిల్లీ గోట్ హిల్' అని పేరు. బంతి గుట్ట మీద పడినా ఆట ఆగదు, ఫీల్డర్ మేకల బాటలాంటి సన్నని దారి వెంట పైకి పాకి బంతిని తెచ్చి విసరాలి. ఆ దారి సొంత జట్టుకు తెలుసు, వచ్చిన జట్టుకు తెలియదు. వాళ్ళు కింద తచ్చాడుతుండగానే కొట్టినవాడు నాలుగు బేస్‌లూ, అంటే పరుగు కోసం వరసగా తాకాల్సిన నాలుగు గుర్తులూ, చుట్టేసేవాడు. చూసేవాళ్ళకు అంతకన్నా సరదా ఏముంటుంది! ఆటగాళ్ళ మోకాళ్ళను అడిగితే మాత్రం వేరే జవాబు వస్తుంది.

కొత్త మైదానానికి ఇద్దరు కోచ్‌ల పేర్లు కలిపి పెట్టారు. బిల్లీ డిష్ 1911 నుంచి 1939 దాకా కోచ్. ఆయన శిష్యుడు బిబ్ ఫాల్క్. పేరుమోసిన ఆటగాడు జో జాక్సన్‌ను ఆట నుంచి సస్పెండ్ చేశాక, 1921లో షికాగో వైట్ సాక్స్ జట్టులో ఎడమ అవుట్‌ఫీల్డ్‌లో ఆ చోటు తీసుకున్నది ఫాల్కే. తర్వాత ఆస్టిన్‌కు తిరిగొచ్చి, కోచ్‌గా 1949, 1950ల్లో వరసగా రెండు జాతీయ టైటిళ్ళు గెలిపించాడు. మైదానం తెరిచింది 1975 ఫిబ్రవరిలో. ఆ ఏడే టెక్సస్ మళ్ళీ జాతీయ విజేత అయింది. తర్వాత 1983, 2002, 2005.

గుట్ట పోయి దాని స్థానంలో ఆస్ట్రోటర్ఫ్ వచ్చింది. ఆ కాలపు కృత్రిమ గడ్డి అంటే పొట్టి నైలాన్ పోగులు, వాటి కింద పలచని మెత్త, దాని కింద తారు. నీళ్ళు కిందికి ఇంకే దారి లేదు కాబట్టి మైదానాన్ని కాస్త వాలుగా కట్టి పక్కలకు పారించేవారు. బంతి గట్టి నేల మీద పడ్డట్టు ఎగిరి, వేగం తగ్గకుండా దూసుకుపోయేది. దూకి పడుకుంటే చర్మం గీరుకుపోయేది. వాన రోజుల్లో ఆట త్వరగా మొదలుపెట్టగలగడమే దాని లాభం. కాలేజీ సీజన్ ఫిబ్రవరి మధ్యలోనే మొదలవుతుంది కాబట్టి, అది చిన్న లాభమేమీ కాదు.

పెద్ద ఆధునికీకరణ 2006-2008 మధ్య జరిగింది. ఖర్చు రెండున్నర కోట్ల డాలర్లు దాటింది. ఇంత పనిని ఒక్క ఊపులో ఎందుకు చేయలేదంటే, కారణం క్యాలెండరులో ఉంది. సీజన్ మే నెలాఖరుకు ముగుస్తుంది, జట్టు బాగా ఆడితే జూన్ దాకా సాగుతుంది. మళ్ళీ ఫిబ్రవరిలో మొదటి మ్యాచ్. చేతికొచ్చేది ఏడు నెలలు. కాంక్రీటు పూర్తి బలానికి వచ్చినట్టు లెక్కేసేది 28 రోజులకు. పునాది, స్తంభాలు, మెట్ల దిమ్మెలు ఒకదాని మీద ఒకటి లేవాలి కాబట్టి ఆ ఏడు నెలలు ఇట్టే కరిగిపోతాయి. అందుకే పని ముక్కలు చేసుకుని, ఒక భాగం ముగించి ఆట ఆడించి, మళ్ళీ మొదలుపెడతారు.

ఆస్టిన్‌కు పడమర సున్నపురాయి, తూర్పుకు పోయేకొద్దీ నల్లరేగడి. మీ తాతలకు బాగా తెలిసిన నేలే: వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అలాంటి నేల మీద స్టాండ్లు కడితే పునాదిని నేల కదలికలు ఆగే లోతు దాకా దించాలి. మన వైపు అండర్-రీమ్డ్ పైల్స్, అంటే అడుగున వెడల్పు చేసిన లోతైన కాంక్రీటు స్తంభాలు, వేసేది ఇందుకే. మైదానం అడుగు నేలకయితే సున్నం కలిపి దిమ్మిస కొడతారు, ఉబ్బే గుణం తగ్గుతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మట్టిలో సల్ఫేటు ఎక్కువుంటే, సున్నం దానితో కలిసి కొత్త స్ఫటికాలై నేలను ముందుకన్నా ఎక్కువ పైకి ఎత్తుతుంది. టెక్సస్‌లో ఇలా ఉబ్బిన రోడ్లు ఉన్నాయి. కాబట్టి సున్నం బస్తా విప్పేముందే మట్టి పరీక్ష.

క్రేన్లు, లారీల పని పూర్తిగా ముగిశాకే మైదానాన్ని ముట్టుకోవాలి. పరిచిన కంకర మీదుగా ఒక్క క్రేన్ నడిచినా నేల అక్కడక్కడ అణుగుతుంది, అప్పటికి ఏమీ కనిపించదు. కృత్రిమ గడ్డి తివాచీ పరిచాక మొదటి పెద్ద వానకు అక్కడే నీటి మడుగు.

కొత్తరకం కృత్రిమ గడ్డికి అడుగు నుంచి పైకి పొరలు ఇలా ఉంటాయి. గట్టిపరచిన నేల. దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, మట్టి కంకరలోకి ఎక్కకుండా. కందకాల్లో చిల్లుల గొట్టాలు. ఆపైన ముతక కంకర, దాని మీద సన్న కంకర. రెండూ కలిపి నాలుగు నుంచి ఎనిమిది అంగుళాలు. పది అడుగుల తిన్నని బద్దను ఎక్కడ పెట్టినా కింద పావు అంగుళానికి మించి సందు కనిపించకూడదు. కంకరలో దుమ్ము ఎక్కువైతే బద్ద పరీక్ష చక్కగా నెగ్గుతుంది గానీ నీరు ఇంకదు. అందుకే కంకరను జల్లెడ లెక్కతో కొనాలి, కంటిచూపుతో కాదు.

ఆపైన తివాచీ చుట్టలు. రెండు, రెండున్నర అంగుళాల పోగులు. అంచులను కింద గుడ్డపట్టీ వేసి జిగురుతో అతికిస్తారు. జిగురు పూసేటప్పుడు తేమ ఉంటే ఆ అతుకు రెండో ఏడాదే లేస్తుంది. చివరగా పోగుల మధ్య ఇసుక, రబ్బరు రజను నింపుతారు. ఒకేసారి గుమ్మరిస్తే పోగులు పడుకుని కిందే చిక్కుకుంటాయి. పలచగా చల్లడం, బ్రష్‌తో లేపడం, మళ్ళీ చల్లడం. ఇది ఎండలో, పొడి రోజునే చేయాలి. తడిస్తే రజను ముద్దకట్టి పైనే ఉండిపోతుంది.

గీతలు వేయడం మీ లెక్కల పుస్తకంలోదే. బేస్ నుంచి బేస్‌కు 90 అడుగులు. నాలుగూ కలిస్తే చతురస్రం, కాబట్టి బ్యాటర్ నిలబడే చోట ఉండే హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్‌కు కర్ణం 127 అడుగుల 3⅜ అంగుళాలు. ముందు ఈ పొడుగు టేపు పట్టి రెండో బేస్ గుర్తించి, రెండు చివరల నుంచి 90 అడుగుల టేపులు కలిసిన చోట మొదటి, మూడో బేస్‌లు పెడతారు. టేపు వదులుగా పట్టినా, ఎండకు సాగినా కోణం తప్పుతుంది. 340 అడుగుల దూరంలో ఉన్న ఎడమ కంచె దగ్గరకు చేరేసరికి చిన్న తేడా కూడా పెద్దదవుతుంది. ఇక్కడ మధ్య కంచె 400 అడుగులు, కుడి కంచె 325.

ఇంతా అయ్యాక అసలు కష్టం మౌండ్‌ది, అంటే బంతి విసిరే పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బది. తివాచీ మధ్యలో ఉన్నా ఇది బంకమట్టే. వ్యాసం 18 అడుగులు, హోమ్ ప్లేట్ కన్నా 10 అంగుళాల ఎత్తు. పైన పాతే తెల్ల రబ్బరు పలక 24 అంగుళాల పొడుగు, 6 అంగుళాల వెడల్పు. పలక ముందంచు నుంచి హోమ్ ప్లేట్ వెనక కొనకు 60 అడుగుల 6 అంగుళాలు. పలక ముందు ఆరు అంగుళాలు దాటాక, అడుక్కి అంగుళం చొప్పున వాలు. మట్టిని ఒక అంగుళం మందాన తడిపి, దిమ్మిస కొట్టి, పైన గీకి, మళ్ళీ అంగుళం వేస్తారు. గీకకపోతే పొరలు ఒకదానికొకటి అంటుకోక, అట్టల్లా విడిపోతాయి.

పిచ్చర్ ముందుకాలు పడే చోట ప్రతి ఇన్నింగ్స్‌కూ గుంట పెరుగుతుంది. క్రికెట్‌లోలా కాదు, ఇక్కడ రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్, మామూలుగా ఆటకు తొమ్మిది. 2009 మే 30న ఈ మైదానంలో టెక్సస్, బోస్టన్ కాలేజీల మ్యాచ్ 25 ఇన్నింగ్స్ సాగింది. కాలేజీ బేస్‌బాల్‌లో అదే అతి పొడవైన ఆట. ఏడు గంటల మూడు నిమిషాలు. టెక్సస్ 3-2తో గెలిచింది. టెక్సస్ పిచ్చర్ ఆస్టిన్ వుడ్ మధ్యలో వచ్చి 13 ఇన్నింగ్స్ విసిరాడు, 169 బంతులు. ఒకే కాలు ఒకే చోట 169 సార్లు పడితే మెత్తటి మట్టి ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే అక్కడ మామూలు మట్టికన్నా బంక ఎక్కువున్న గట్టి మట్టి వాడతారు. ఆట ముగియగానే పొడిమట్టిని పూర్తిగా ఊడ్చి, గుంటను తడిపి, తేమగా ఉన్న మట్టి వేసి దిమ్మిస కొట్టి, పట్టా కప్పాలి. పొడి గుంటలో కొత్త మట్టి వేస్తే మర్నాడు మొదటి ఇన్నింగ్స్‌లోనే పెళ్ళగా లేచిపోతుంది. మరీ తడిగా వేస్తే బూటు ముళ్ళకు అంటుకుని పైకొస్తుంది.

కృత్రిమ గడ్డికి పని లేదనుకోకండి. బేస్‌ల దగ్గర జారే చోట, ఫీల్డర్లు రోజూ నిలబడే చోట రజను చెదిరిపోతుంది. లోతు కొలిచి మళ్ళీ నింపాలి. లేదంటే పోగులు విరిగిపోయి, నేల గట్టిబడుతుంది. ఆ గట్టితనాన్ని జీ-మ్యాక్స్ అనే పరీక్షతో కొలుస్తారు, 200కు చేరితే ఆడించకూడదు. ఆస్టిన్ ఎండలో ఇంకో బాధ ఉంది. పైభాగం 65 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కగలదు. నీళ్ళు చల్లితే చల్లబడేది కాసేపే. ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఎనిమిది, పదేళ్ళకు తివాచీ మార్చాల్సిందే. కింద కంకర బాగా వేసి ఉంటే అది అలాగే ఉంటుంది, పైది మాత్రమే మారుతుంది. కుర్చీలకూ, పెద్ద తెరకూ డబ్బిచ్చేవాళ్ళు దొరుకుతారు, కంకర మీద ఎవరి పేరూ ఉండదు. నన్నడిగితే ముందు ఖర్చు పెట్టాల్సింది దాని మీదే.

ఈసారి మ్యాచ్‌కు వెళ్ళినప్పుడు గంట ముందే వెళ్ళండి. మౌండ్ మీద పనివాళ్ళు దిమ్మిస పట్టుకుని ఏం చేస్తున్నారో, నీళ్ళు ఎక్కడ ఎంత చల్లుతున్నారో చూడండి. ఫోనులో దిక్సూచి తీసి హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్ ఏ దిక్కుకు ఉందో కూడా రాసుకోండి. సాయంత్రపు ఎండ బ్యాటర్ కళ్ళలో పడకుండా అది తూర్పు-ఈశాన్యంగా ఉంటే మంచిదని నియమావళి చెబుతుంది. ఆస్టిన్‌లో ఎటు ఉందో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య